దించేవాడు లేని పాట

చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లు చదివే హాల్లో కూర్చుని ఉండగా శౌరయ్య గారికి చిన్నప్ప పోయాడని ఫోన్ వచ్చింది. చేసింది చిన్నప్ప కూతురు వందన. తెల్లవారుతుండగా ఆస్పత్రిలోనే ప్రాణం పోయిందనీ, నారాయణగూడలోని ఇంటికి తీసుకొచ్చేశామనీ, రేపు మధ్యాహ్నం గుడిలో పూజ అయ్యాక నారాయణగూడ సమాధుల తోటలో మట్టి చేస్తామనీ చెప్పింది. పాపం, ఆ పిల్ల గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. శౌరయ్య గారు అంతా విన్నారు. మిత్రుడి చివరి ఘడియలు ఎలా గడిచాయని అడగలేదు. పాట ఎవరు ఎత్తుతున్నారని అడిగారు.

“గుడి బృందం పాడుతుంది పెదనాన్నా. మీరు ముందు వరసలో కూర్చోండి, చాలు.”

ఆ ‘చాలు’ దగ్గర శౌరయ్య గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకుని లేచి నిలబడి, ఎదురుగా ఉన్న పేపర్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద కొట్టారు. పక్క కుర్చీలో ఉన్న కిషన్ రావు గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. ఈయన రాంనగర్ నివాసి, రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాడు, హిందువు. రోజూ ఇదే వేళకు ఇదే హాల్లో శౌరయ్య గారి పక్కన కూర్చుంటారు.

“ఏంది శౌరయ్య గారు, పొద్దుగాల్నే గరమైతున్నరు?”

చిన్నప్ప పోయాడని చెప్పారు శౌరయ్య గారు. కిషన్ రావు గారు అయ్యో అన్నారు, చేతులు జోడించారు. ఆ తర్వాత శౌరయ్య గారు చెప్పిన రెండో సంగతి మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. మనిషి పోయినందుకు బాధపడాలి గానీ, పాట ఎవరు పాడతారని ఇంత పరేషాన్ ఎందుకు? శౌరయ్య గారు అది చెప్పాలంటే తన పుట్టుక నుంచి చెప్పాలి. చెప్పడం ఆయనకు ఇష్టమే. చెప్పిందే చెప్పినా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెబుతారు.

గుంటూరు జిల్లాలో నల్లరేగడి మీద ఉన్న కతోలికుల ఊరు ఆయనది. ఆ ఊళ్ళో గుడి కట్టించి, బడి పెట్టి నడిపినవాడు యోహాను సాములోరు అనే ఫాదర్. ఆస్ట్రియా దేశపు కొండల్లో పుట్టినవాడు. ఊరంతా జర్మనీ సాములోరనే పిలిచేది. అప్పట్లో పూజంతా లతీనులోనే, అంటే లాటిన్ భాషలోనే. సాములోరు పీఠం వైపు తిరిగి ఒక మాట అంటే, పూజలో సాయం చేసే పిల్లలు లతీనులోనే జవాబు చెప్పాలి. తెలుగు నోటికి ఏ మాటైనా అచ్చుతో ముగిస్తే గానీ తృప్తి ఉండదు. ‘దోమినుస్’ అనమంటే పిల్లలు ‘దోమినుసు’ అనేవాళ్ళు. యోహాను సాములోరు ఆ చివరి ఉకారాన్ని బెత్తంతో కోసేవారు. ఏడాది తిరక్కుండానే ఆ తోక లేకుండా లతీను పలికిన మొదటి పిల్లవాడు శౌరయ్య. బిషప్పు గారు ఊరికి వచ్చినప్పుడు మెడలో పతకం వేయించుకున్నవాడు శౌరయ్య. పన్నెండేళ్ళకే చావు పూజ పాటలన్నీ పుస్తకం చూడకుండా ఎత్తినవాడూ శౌరయ్యే. ఆ తర్వాత ఊరి బడిలో చదివి, బోర్డింగులో ఉండి మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసై, ఎవరి సిఫారసూ లేకుండా పట్నంలో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరై, అశోక్‌నగర్లో సొంత ఫ్లాట్ కొన్నారు. వీటిలో ఏది ఎక్కువని ఎవరైనా అడిగితే ఆయన తడుముకోకుండా పాటలే అంటారు.

ఆ పాటల్లో ఒక పద్ధతి ఉంది. పల్లె పిల్లలకు గుక్క చాలదని, చావు పాటల్లోని ప్రతి వరసనూ సాములోరు రెండుగా కోశారు. మొదటి సగం ఒకడు ఎత్తాలి. వాడు శవపెట్టె తలవైపు నిలబడతాడు. మిగతా సగం రెండోవాడు అందుకుని, గొంతు తగ్గించి మెల్లగా దించాలి. వాడు కాళ్ళవైపు. ఎత్తేవాడు, దించేవాడు. ఒకడి సగంలోకి ఇంకొకడు నోరు పెడితే బెత్తం దెబ్బ చేతి మీద కాదు, పిక్కల మీద పడేది. శౌరయ్య ఎత్తేవాడు. చిన్నప్ప దించేవాడు.

తర్వాత రోజుల్లో రోములో బిషప్పుల మహాసభ జరిగి, పూజ తెలుగులోకి వచ్చింది. లతీను పుస్తకాలు బీరువాల్లోకి పోయాయి. శౌరయ్య, చిన్నప్ప ఇద్దరూ ఉద్యోగాలకు పట్నం వచ్చి ఒకే గుడికి చేరారు. వాళ్ళిద్దరి నోళ్ళలో ఒక్క పాట మాత్రం మిగిలింది. పెట్టెను గోతిలోకి దించేటప్పుడు పాడేది, దేవదూతలు నిన్ను పరలోకానికి తోడుకొని పోవుదురు గాక అనే పాట. పట్నంలో ఏ తెలుగు కతోలికుడు పోయినా నారాయణగూడలో ఆ పాట ఎత్తింది శౌరయ్య గారే, దించింది చిన్నప్పే. ముసలివాళ్ళు బతికుండగానే వచ్చి, మాకు మీరిద్దరే పాడాలి సుమా అని మాట తీసుకుని పోయేవాళ్ళు. లైబ్రరీ మెట్లు దిగుతూ ఇదంతా చెప్పి, “అటువంటి నన్ను ముందు వరసలో కూర్చోమంటోందండీ” అన్నారు శౌరయ్య గారు.

“మరి ఆ పిల్ల పాడితె ఏమైతది? వాళ్ళ నాయిననే గద.”

“అది పాడితే చి అంటుందయ్యా. త్సి అనదు.”

కిషన్ రావు గారు నవ్వు ఆపుకున్నారు. శౌరయ్య గారికి ఆ ఆపుకోవడం కూడా కనిపించింది.

సంగతేమిటంటే, వందన హిమాయత్‌నగర్లో పిల్లలకు సంగీతం చెబుతుంది. గుడిలో పాటల బృందాన్ని నడుపుతుంది. కొత్తగా వచ్చిన ఫాదర్ రోములో చదువుకున్నవాడు; పండగలకు మళ్ళీ లతీను పాటలు పెడదాం అన్నాడు. శౌరయ్య గారు పొంగిపోయారు. ఇన్నేళ్ళకు తన విద్యకు పిలుపు వచ్చిందనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సాధనకు వెళ్ళారు. అక్కడ నలుగురి ముందూ ఆ పిల్ల ఆయన్ని ఆపింది. పెదనాన్నా, లతీనులో ఆ c అక్షరాన్ని త్సి కాదు, చి అనాలి. అంగెలి కాదు, ఆంజెలి అంది. యోహాను సాములోరు నేర్పిందమ్మా ఇది, లతీను ఆయన ఇంటి భాష అన్నంత గట్టిగా అన్నారు శౌరయ్య గారు. దానికి ఆ పిల్ల మెత్తగానే చెప్పింది: జర్మన్ దేశాల గుళ్ళలో అలా పలికేవారు, గుళ్ళలో ఇప్పుడు ఎక్కువగా రోము పలుకే వాడుతున్నారు, అందరూ ఒకలా పాడకపోతే బృందం బృందంలా వినపడదు అని. ఫాదర్ కూడా అదే చెప్పాడు. రెండూ ఉన్న పలుకులే గానీ మనం ఒకటి పెట్టుకుందాం మాస్టారూ అన్నాడు.

డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక, తన మెడలో పతకం వేయించిన పలుకు ఏదో ఒక దేశంవాళ్ళ యాస అని తెలిస్తే మనిషికి ఎలా ఉంటుంది? శౌరయ్య గారు పాటల పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, లేచి వచ్చేశారు. పక్కనే కూర్చున్న చిన్నప్ప లేవలేదు. అదీ ఆయన్ని కాల్చేసింది. పై ఆదివారం గుడిలో వెనక బెంచీలో కూర్చుని విన్నారు. అదే బెత్తం కింద అదే పలుకు నేర్చినవాడు, బృందం మధ్య నిలబడి, హాయిగా ‘చి’ అంటున్నాడు. పూజ అయ్యాక అతన్ని గేటు బయట నిలేశారు.

“నా కూతురు పాడమన్నట్టు పాడితే నా నోరేం అరిగిపోదురా శౌరీ. దేవుడికి రెండూ అర్థమౌతాయి.”

“దేవుడికి అర్థమైతే చాలనుకుంటే, మరి సాములోరు నీ పిక్కలెందుకు వాయగొట్టాడురా?”

ఆ రోజు మొదలు శౌరయ్య గారు అతనితో మాట్లాడటం మానేశారు. మళ్ళీ మాట్లాడింది ఆస్పత్రిలోనే, పోయిన శుక్రవారం. చిన్నప్ప ముక్కు మీది గొట్టం పక్కకు జరుపుకుని, నాకు మాత్రం నువ్వే ఎత్తాలిరా అన్నాడు. మీ అమ్మాయి ఒప్పుకోదు అన్నారు శౌరయ్య గారు. గొడవపెట్టు, అది నీకు చేతనయిన పనే గదా అని నవ్వబోయి దగ్గాడు చిన్నప్ప. ఆ మాట అన్నప్పుడు గదిలో మూడో మనిషి లేరు.

లైబ్రరీ నుంచి శౌరయ్య గారు ఇంటికి పోలేదు. తిన్నగా నారాయణగూడ నడిచారు. బస్సుల హారన్లూ, ఆటోల పొగా దాటుకుంటూ, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పెదవులు కదుపుతూ నడిచారు. వందన ఇంట్లో హాలు మధ్య అద్దాల పెట్టెలో చిన్నప్ప ఉన్నాడు. కొత్త చొక్కా వేశారు. చేతుల్లో జపమాల పెట్టారు. శౌరయ్య గారు ఒక్కసారి చూశారు, శిలువ గుర్తు వేసుకున్నారు, వెంటనే వందన వైపు తిరిగారు.

మీ నాన్న నన్నే ఎత్తమన్నాడు అని చెప్పారు. ఎప్పుడన్నారు అని అడిగింది వందన. శుక్రవారం అన్నారు. శుక్రవారం నేను కాఫీకి కిందికి వెళ్ళిన పది నిమిషాలు తప్ప అక్కడే ఉన్నాను, నాతో అలా అనలేదు అంది.

“నీతో ఎందుకంటాడమ్మా? అంటే ఆ మాటని కూడా దిద్దుతావని అనలేదు.”

హాల్లో చుట్టాలు తలలు వంచుకున్నారు. కబురు తెలిసి ఇంటి నుంచి ఆటోలో వచ్చిన శౌరయ్య గారి భార్య లూర్దమ్మ గారు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వందన అద్దాల పెట్టె మీద చెయ్యి ఆనించింది. గొంతు పెంచకుండానే అంది:

“మీకు నాన్న పోయినందుకు బాధ లేదు పెదనాన్నా. మీ పలుకు పోయిందని ఉంది. సరే, పాడండి. మీరే పాడండి. మా బృందంలో ఎవరూ నోరు విప్పరు.”

గెలిచారు. మెట్లు దిగుతుంటే మాత్రం గెలిచినట్టు లేదు. ఇంటికి చేరేదాకా భార్యను తిడుతూనే ఉన్నారు, ఆవిడ ఏమీ అనకపోయినా. నేను కన్నీళ్ళు పెట్టుకోకపోతే ఏడవనట్టేనా, ఆ పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రికి టిఫిన్ క్యారియర్ మోసిందెవరు, జ్ఞానస్నానానికి పాట ఎత్తిందెవరు అన్నారు. లూర్దమ్మ గారు అన్నిటికీ ఊఁ అంది.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి, కిటికీ తలుపులు వేసుకుని, పాట ఒకసారి అనుకుందామని కూర్చున్నారు. ‘ఇన్ పారదీసుం’ అని ఎత్తారు. గొంతు ఏమీ తగ్గలేదు, లోపల గంట మోగినట్టే ఉంది. అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ అక్కడే ఆగింది.

మాటలు రాక కాదు. ‘దేదూకంత్ తె అంగెలి’ అని తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. దాన్ని ఏ మెట్టు నుంచి పట్టుకుని ఎలా కిందికి తేవాలో ఆ నడక ఆయన గొంతులో లేదు. ఆ సగం ఒక్కసారీ ఆయన పాడింది కాదు. పెట్టె కాళ్ళ దగ్గర నిలబడి చిన్నప్ప దించుతుంటే, ఈయన తన తర్వాతి ఎత్తుకు ఊపిరి నింపుకునేవారు. చెవి పెట్టి విననైనా వినలేదు. బలవంతాన పాడబోతే పిక్కలు బిగుసుకుపోయాయి. సెల్‌ఫోన్లో వెతికించారు. ఎవరో విదేశపు సన్యాసులు పాడుతున్నారు. మాటలు అవే, నడక వేరు. సాములోరు పల్లె పిల్లల గుక్కకు తగ్గట్టు మార్చిన ఆ నడక లోకంలో ఇంకెక్కడా లేదు. ఫోన్ మంచం మీదికి విసిరేశారు.

“ఆ పిల్లనే అడగండి. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని నేర్చుకునే ఉంటుంది” అంది లూర్దమ్మ గారు.

చచ్చినా అడగనన్నారు. తెచ్చిన కాఫీ తాగలేదు. దించకుండా పోయిన చిన్నప్ప మీద, ఎత్తడం మాత్రమే నేర్పిన సాములోరి మీద, ఎదురింట్లో గోడకు మేకులు కొడుతున్నవాడి మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది. పోనీ పాడనని చెప్పి పంపిద్దామా అంటే, నిన్న అందరి ముందూ ఆ పిల్లను అంత మాట అని తెచ్చుకున్న పాట. చేతులారా వదులుకుంటే ఇక గుడి గడప తొక్కలేరు. పాడితే గోతి దగ్గర సగంలో ఆగిపోతారు. తన మాటకు తనే చిక్కుపడి, మధ్యాహ్నం దాకా గదిలో పచార్లు చేశారు.

పూజ అయింది. సమాధుల తోటకు జనం బాగానే వచ్చారు. కిషన్ రావు గారు కూడా వచ్చి ఒక పక్కన చెప్పులు విడిచి నిలబడ్డారు. గోడ అవతల రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఫాదర్ తెలుగులో ప్రార్థన ముగించి, తీర్థం చల్లి, శౌరయ్య గారి వైపు చూసి తల పంకించాడు. గోతులు తవ్వే బీరయ్య, మరో ముగ్గురూ తాళ్ళు బిగించి పెట్టెను లేపారు. శౌరయ్య గారు తలవైపు నిలబడ్డారు. వందన తన బృందాన్ని వెనక్కి పంపేసి, ఎక్కడో జనంలో ఉంది. కాళ్ళవైపు ఎవరూ లేరు.

ఆయన ఎత్తారు. ‘ఇన్ పారదీసుం.’

గొప్పగా ఎత్తారు. గోడ అవతలివాళ్ళకు కూడా వినపడేంత నిండుగా ఎత్తారు. ఆ తర్వాత ఏమీ లేదు. పెట్టె తాళ్ళ మీద ఊగుతోంది. శౌరయ్య గారు కాళ్ళవైపు ఖాళీని చూస్తూ నిలబడ్డారు. పెద్దాయనకు దుఃఖం పొంగుకొచ్చిందని ఎవరో వెనక నుంచి భుజం తట్టారు. ఆయన ఆ చేతిని విదిలించుకున్నారు. దుఃఖం కాదది. తనను ఎత్తమని చెప్పి చోటు ఖాళీ చేసిన మనిషి మీద కోపం. ఇంకాస్త గట్టిగా, పోట్లాటకు పిలిచినట్టు, మళ్ళీ అదే సగం ఎత్తారు.

బీరయ్య దించాలా ఆగాలా అన్నట్టు ఫాదర్ ముఖం చూశాడు. ఫాదర్ నేల చూశాడు.

జనం కదిలారు. వందన వాళ్ళను తప్పించుకుంటూ వచ్చి పెట్టె కాళ్ళవైపు నిలబడింది. ముఖం ఉబ్బి ఉంది. శౌరయ్య గారి వైపు చూడకుండా, పెట్టె మీది పూలను చూస్తూ అందుకుంది. ‘దేదూకంత్ తె ఆంజెలి.’

అచ్చం చిన్నప్ప నడక. అదే మెట్టు, అదే తగ్గింపు, చివర ఆ చిన్న నిలుపు కూడా. కానీ ఆంజెలి అంది. శౌరయ్య గారి కళ్ళు ఎర్రబడ్డాయి. సాధన గదిలో అయితే అక్కడే ఆపేసేవారు. ఇక్కడ పెట్టె కిందికి దిగుతోంది. తర్వాతి వరస ఆయనది. ఎత్తక తప్పదు. ‘ఇన్ తువో అద్వెంతు’ అని ఎత్తారు. ఆమె దించింది. ‘ఎత్ పెర్దూకంత్ తె ఇన్ త్సివితాతెం’ అని, ఆ త్సిని పళ్ళ మధ్య రాయి పగలగొట్టినట్టు పలికారు. ఆమె ఏమాత్రం చలించకుండా ‘సాంక్తం యెరూసలెం’ అని దించింది. ఆయన అంగెలోరుం అన్నారు. ఆమె తన సగం తన పలుకులోనే పలికింది. ఎవరూ ఎవరికీ లొంగలేదు. చివరి మాట దించేవాళ్ళది. ‘రెక్వియెం’, అంటే విశ్రాంతి. ఆ మాటతో పాటే పెట్టె అడుగుకు తగిలింది.

అందరూ పిడికెడు మట్టి వేశారు. శౌరయ్య గారూ వేశారు. చేతులు దులుపుకుంటూ వందన దగ్గరికి వెళ్ళారు. ఈ నడక ఎక్కడిది నీకు అని అడిగారు. నిలదీసినట్టే అడిగారు.

“చిన్నప్పుడు ఇంట్లో నాన్న పాడుకునేవారు పెదనాన్నా. దించేది ఒక్కటే. ఎత్తేది ఏమిటని అడిగితే అది శౌరి పెదనాన్నది, మనం ముట్టుకోకూడదు అనేవారు. నాకు ఎత్తడం ఇప్పటికీ రాదు.”

శౌరయ్య గారు వంగి ఇంకో పిడికెడు మట్టి తీసి గోతిలో వేశారు. మాట వచ్చేసరికి అందులో పాత కోపమే ఉంది.

“నువ్వు పలికింది మాత్రం తప్పు.”

“తప్పు కాదు పెదనాన్నా.”

“సాములోరు ఉంటే నీ పిక్కలు వాయగొట్టేవాడు.”

“నన్ను ఆయన కొట్టలేదు. మిమ్మల్ని కొట్టారని నేను భయపడాలా?”

బీరయ్య పార పట్టుకుని, అమ్మా, జర పక్కకు నిలబడుండ్రి, మట్టి పొయ్యాలె అన్నాడు. ఇద్దరూ చెరో పక్కకు జరిగి, గోతి మీదుగా వాదన సాగించారు. లతీను ఎవరిది, ఎవరి నోట ఎలా మారింది, బృందం ఒకలా పాడాలా, నేర్పినవాడి పలుకు నిలపాలా అని. వాదిస్తున్నంతసేపూ వందన కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. శౌరయ్య గారి గొంతు రెండుచోట్ల జీరపోయింది. ఆయన దాన్ని దగ్గుగా మార్చారు. కిషన్ రావు గారు వచ్చి చెయ్యి పట్టుకుని, పోదాం నడువుండ్రి, ఆటో ఆపిన అన్నారు.

నాలుగడుగులు వేసి శౌరయ్య గారు వెనక్కి తిరిగారు.

“ఇదిగో అమ్మాయ్. రేపు నేను పోతే దించేది నువ్వే. ఎత్తడానికి ఎవడో ఒకడు కావాలి. గొంతున్నవాణ్ణి చూసి నా దగ్గరికి పంపు, నేర్పుతా. కానీ వాడు త్సి అనాలి.”

“పంపుతాను. వాడు ఏమన్నా నేను మాత్రం చి అంటాను.”

“అంటే పెట్టెలోంచి లేచొస్తా.”

“రండి పెదనాన్నా. అప్పుడే చూసుకుందాం.”

శౌరయ్య గారు ఆటో ఎక్కనన్నారు. ఆ పొగరుమోతు పిల్ల సంగతి నడుస్తూ మాట్లాడాలి అన్నారు కిషన్ రావు గారితో. చిక్కడపల్లి వైపు నడుస్తూ, దారి పొడుగునా మాట్లాడారు.